సుబ్బులు అమ్మమ్మ సంతాప సభ

సుబ్బులు అమ్మమ్మ చనిపోయిందన్న సంగతి జబీన్‌కు బుధవారం పొద్దున పదిన్నరకు, ప్రూఫు దిద్దుతుండగా తెలిసింది.

బోయిగూడలోని ఆ ప్రెస్సులో ఆమె ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రూఫ్ రీడర్. పెళ్ళిపత్రికలు, స్కూలు గైడ్లు, కరపత్రాలు, నెలనెలా వచ్చే ‘గోరింక’ పిల్లల పత్రిక, ఏదైనా ఆమె కళ్ళు దాటాకే మిషనెక్కేది. ఆ రోజు డీటీపీ చేసే రాజు తెచ్చి బల్లమీద పెట్టిన కాగితాల్లో ఒకటి సంతాప సభ కరపత్రం. అలవాటు కొద్దీ ముందు తప్పులే చూసింది. ‘శ్రద్దాంజలి’కి వత్తు సరిచేసింది. ‘దిగ్బ్రాంతి’ని కూడా సరిచేసింది. పోయినదెవరో మూడో వరుసకు వచ్చేదాకా గమనించలేదు.

‘తెలుగు పిల్లలందరి అమ్మమ్మ, పదముగ్గురు మనవల ముద్దుల అమ్మమ్మ, గోరింక కథల సుబ్బులు అమ్మమ్మ ఇక లేరు. శనివారం ఉదయం పదకొండు గంటలకు మెట్టుగూడలో సంతాప సభ. పిల్లలతో సహా రండి.’ కింద ‘బాలసాహితీ మిత్రమండలి, కార్యదర్శి హరికిషన్’ అని ఉంది.

జబీన్ ఎర్రపెన్నుకు మూత పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఏందక్కా, చానా తప్పులున్నయా?” అన్నాడు రాజు కంప్యూటర్ ముందునుంచి. “పాపం, ముసలామె మంచిగ రాసేది. మా చిన్నది రాత్రి అన్నం తినలేదు ఈ వార్త ఇని.”

“లేవు,” అంది జబీన్. “ఒకటే తప్పు.”

ఆ తప్పు ఏమిటో రాజుకు చెప్పలేదు. చెప్పాలంటే చాలా చెప్పాలి. సుబ్బులు అమ్మమ్మ తానే అని చెప్పాలి.

ప్రెస్సులో చేరేటప్పటికి జబీన్‌కు ఇరవై నాలుగేళ్ళు. రెండేళ్ళు కూడా నిలవని పెళ్ళి తెగిపోయి, సీతాఫల్‌మండిలో అమ్మానాన్నల దగ్గరికి వచ్చేసింది. వాళ్ళది జనగామ వైపు. నాన్న దర్జీ. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, చదివింది తెలుగు మీడియం. తెలుగులో ఒక్క అక్షరం తప్పు పోనీయదని పర్వతాలు సార్ ఉద్యోగం ఇచ్చాడు. ప్రెస్సు ఆయనది, గోరింక ఆయనది, సంపాదకుడూ ఆయనే. చేరిన నాలుగో నెలలో ఒకసారి గోరింకకు రావాల్సిన కథ రాలేదు. పేజీన్నర ఖాళీ. సాయంత్రానికి అచ్చు ప్లేట్లు చేయడానికి పేజీలు పోవాలి. “నేను రాయనా సార్?” అని అడిగి, కుట్టుమిషను కింద దాక్కున్న మనవడిని వెతుక్కునే ఒక అమ్మమ్మ కథ గంటన్నరలో రాసిచ్చింది. అమ్మమ్మ తానే చెబుతున్నట్టు రాసింది.

పర్వతాలు సార్ చదివి పకపకా నవ్వాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, “కింద పేరు సుబ్బులు అమ్మమ్మ అని పెడదాం. పిల్లలకు అమ్మమ్మ కావాలె, నీలాంటి చిన్నపిల్ల రాసిందంటే మజా పోతది,” అన్నాడు. జబీన్ సరేనంది. బొమ్మలేసే ఆర్థర్ తను అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మను తలుచుకుని, నెరిసిన కొప్పు, రూపాయంత బొట్టు, గుండ్రటి కళ్ళద్దాలు, ఒళ్ళో చాట ఉన్న ముసలావిడను గీశాడు. అలా ఇరవై నాలుగేళ్ళకే జబీన్ పదముగ్గురికి అమ్మమ్మ అయింది.

కథలు మాత్రం సొంతవే. నాన్న దుకాణంలో విన్నవి, నానీ, అంటే అమ్మ తల్లి, చెప్పినవి, గల్లీలో చూసినవి. రాసేటప్పుడు షీర్ ఖుర్మాను పరమాన్నం చేసేది. ఈద్ నెలవంక కోసం పిల్లలంతా మిద్దె ఎక్కిన సంగతిని విమానం చూడటానికి ఎక్కినట్టు మార్చింది. ఖాలా పిన్నమ్మ అయింది. మొదట్లో అదొక ఆటలా ఉండేది. తర్వాత తర్వాత, మార్చినప్పుడల్లా చేతికేదో అడ్డం తగిలినట్టుండేది. పర్వతాలు సార్ పేరు మార్చింది పిల్లల మజా కోసమేనా, లేక ‘జబీన్’ అన్న పేరు వల్లా? ఈ ప్రశ్న మొదటి నెలలోనే మనసులో పడింది. అడగలేదు. మొదట ఉద్యోగం పోతుందని, తర్వాత ఆయన మీద గౌరవం కొద్దీ, ఆ తర్వాత మరీ ఆలస్యమైపోయిందని.

అమ్మమ్మ మాత్రం పెరిగిపోయింది. ఎనిమిదో మనవడు గుండుగాడు చేసే ఆగడాలు పిల్లలకు నోటికి వచ్చు. పుస్తకాలు పదిహేడొచ్చాయి. నెలకు సంచినిండా ఉత్తరాలు. అమ్మమ్మ పేరుతో జవాబులు రాసేదీ జబీనే. రాజు లాంటివాళ్ళు జబీన్ ఆ ముసలావిడ ఇంటికి వెళ్ళి కథలు తెస్తుందనుకునేవాళ్ళు. నాన్న కాక నిజం తెలిసింది నలుగురికే. పర్వతాలు సార్‌కి, ఆయన కూతురు కల్పలతకి, జబీన్ తల్లి అక్బర్ బీకి, పోయిన ఆర్థర్‌కి.

ఇక చావు వార్త ఎలా పుట్టిందంటే, దానికి కారణం జబీనే. అంతకు ముందు వారం భవాని అనే టీచర్ ప్రెస్సుకు వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. ఊరు కరీంనగర్. ఈ మధ్యే సికింద్రాబాద్‌కు వచ్చి మెట్టుగూడలో ఒక స్కూల్లో చేరింది. ఎనిమిదేళ్ళ వయసునుంచి అమ్మమ్మకు ఉత్తరాలు రాస్తున్న పిల్ల. ఆ పేరును జబీన్ వెంటనే గుర్తుపట్టింది. ఆ చేతిరాత ఎంత బాగా తెలుసో. ‘భ’ కింద వత్తు పొడుగ్గా, చేపతోకలా రాసేది.

“ఒక్కసారి కలవాలె మేడమ్. దండం పెట్టి పోత, అంతే. అడ్రస్ చెప్పండి,” అంది భవాని. చేతిలో దానిమ్మపళ్ళ సంచి.

నోటికొచ్చిన అబద్ధం చెప్పింది జబీన్. “ఆమెకు ఒంట్ల బాగలేదు. ఎవర్నీ కలుస్తలేదు.”

“అయ్యో, ఏమైంది? దవాఖానల ఉన్నదా?”

“ఇంట్లనే. జెర ఎక్కువనే ఉన్నది.”

ఆ ‘జెర ఎక్కువ’ భవాని నోట్లోంచి అమ్మమ్మ అభిమానుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది. అమ్మమ్మ కోసం ప్రార్థించండి అని ఆమె పెడితే, ఇంకెవరో పరిస్థితి విషమం అన్నారు. మూడో రోజుకు ఆర్థర్ గీసిన బొమ్మకు పూలు, దీపం తగిలించి ‘ఓం శాంతి’ అని పంపేశారు. హరికిషన్‌కు అది చేరింది. ఆయన రైల్వేలో రిటైరయ్యాక సంతాప సభలు జరపడమే పనిగా పెట్టుకున్న మనిషి. హాలు మాట్లాడి, కరపత్రం రాసి, అమ్మమ్మ కథలు అచ్చేసే ప్రెస్సుకే అచ్చుకు పంపాడు.

జబీన్ ఆ కాగితం పట్టుకుని కల్పలత గదిలోకి వెళ్ళింది. కల్పలత అప్పటికే ఫోను చెవికి ఆనించుకుని ఎవరికో సర్దిచెబుతోంది. నలభై అయిదేళ్ళ మనిషి. తండ్రికి చూపు తగ్గినప్పటినుంచి ప్రెస్సు బరువంతా ఆమెదే. ఫోను పెట్టేసి తల పట్టుకుంది.

“పొద్దుగాల్నుంచి గిదే అక్కా. పేపరోళ్ళు, స్కూళ్ళు, అందరూ. ఉన్నది అంటే చూపియ్యుమంటరు. లేదు అంటే అంత్యక్రియలు ఎప్పుడు అంటరు. నేనేం చెప్పాలె?”

“నువ్వేమనుకుంటున్నవు?”

కల్పలత కాసేపు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. “తప్పుగ అనుకోకు. పోనిద్దామా ఆమెను? ఎన్నేళ్ళని దాస్తం? ఇప్పుడు ఊరే పోయిందంటున్నది. రెండు నెలలు ఆగి, నువ్వు నీ పేరు మీద కొత్తగ షురూ చెయ్యి. నీకు సుత మంచిదే.”

జబీన్‌కు ఆ మాట తప్పుగా తోచలేదు. నిజం చెప్పాలంటే ఆ కాగితం చూసిన క్షణంలో ముందు కలిగింది బాధ కాదు, ఒక తేలికదనం. ఇక మార్చి మార్చి రాయక్కర్లేదు. పళ్ళ సంచీలతో వచ్చేవాళ్ళకు అబద్ధాలు చెప్పక్కర్లేదు. ఒక ముసలావిడ పోయింది, ఆవిడ మంచిదే, అందరూ ఏడ్చారు, అయిపోయింది. ఇంటికి వెళ్ళి అమ్మతో చెప్పి టీ తాగొచ్చు.

“ఆలోచిస్త,” అని లేచింది.

అప్పుడు కల్పలత ప్రెస్సు ఫోన్లోకి వచ్చిన వాయిస్ మెసేజీలు వినిపించింది. మూడు నాలుగు పెద్దవాళ్ళవి. తర్వాత ఒక పిల్ల గొంతు. ఏ ఊరో తెలియదు. వెనక ఎక్కడో కుక్కర్ కూత వినిపిస్తోంది. ఆ పిల్ల ఏడుపు ఆపుకుని, బాగా ఆలోచించి మాట్లాడుతున్నట్టుంది. “హలో. గుండుగాడికి ఫోన్ ఇస్తరా? వాడు అమ్మమ్మ పక్కకే పండుకుంటడు గదా. ఇప్పుడు ఎవరి పక్కకు పండుకుంటడు? మా ఇంటికి రమ్మనండి. మా మంచం పెద్దగనే ఉన్నది.”

మెసేజ్ అయిపోయింది. కల్పలత ఇంకోటి పెట్టబోతే జబీన్ చెయ్యి పట్టుకుని ఆపింది.

“అది పంపినోళ్ళకు ఇప్పుడే చెప్పు, అమ్మమ్మకు ఏం కాలేదని. మిగతాది నేను శనివారం చెప్త.”

“ఏం చెప్తవు అక్కా?”

“ఉన్నది ఉన్నట్టు.”

ప్రెస్సు మీది అంతస్తులోనే పర్వతాలు సార్ ఇల్లు. ఎనభై మూడేళ్ళు. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదాంట్లో మసక. కిటికీ పక్కన కుర్చీలో రేడియో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మెట్లమీద అడుగుల చప్పుడుకే, “జబీనా?” అన్నాడు.

“నేనే సార్. అమ్మమ్మ పోయిందట.”

“కల్ప చెప్పింది.” నవ్వబోయి ఆపుకున్నాడు. “కూసో.”

జబీన్ కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ అడగలేనేమో అనిపించింది. “ఒకటి అడుగుత సార్. ముప్పై ఒక్క ఏండ్ల సంది అడుగుదామనుకుంటున్న. ఆ పేరు పెట్టింది పిల్లల కోసమేనా?”

ఆయన రేడియో కట్టేశాడు. కింద మిషను నడుస్తున్న చప్పుడు నేలలోంచి పాకి వస్తోంది.

“పిల్లల కోసం కాదు. జబీన్ అని పెడితే ఏజెంట్లు ఏమంటరో, అయ్యవార్లు ఏమంటరో, పత్రిక వాపసు పంపుతరేమో అనుకున్న. ఎవరూ బెదిరియ్యలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకు నేనే భయపడ్డ. ఏడాది చూసి మారుద్దాం అనుకున్న. ఏడాది అయ్యేటాళ్ళకు అమ్మమ్మ నాకంటే పెద్దగయింది. ఆమెను కదిలిస్తే పత్రిక పడిపోతదని ఇంకో భయం. గట్లనే నడిచింది.” ఆగి, గొంతు సవరించుకున్నాడు. “తప్పు చేసిన జబీన్. నీ ముంగట ఒప్పుకునే ధైర్యం సుత లేకపాయె.”

ఇన్నేళ్ళూ తానే ఊహించుకుంటున్నానేమో, మంచి మనిషిని అనుమానిస్తున్నానేమో అని జబీన్ తనను తాను తిట్టుకుంటూ వచ్చింది. ఊహ కాదన్నమాట. కోపం వచ్చింది. కానీ ఆ కోపం వెనకే, పంటి సందున ఇరుక్కున్న పీచు బయటపడ్డట్టు, ఎక్కడో ప్రాణం కుదుటపడింది.

“అప్పుడే గిట్ల చెప్తే నేను సుత సరే అనేదాన్నేమో సార్,” అంది. “ఇద్దరం కలిసి భయపడేటోళ్ళం. నన్ను ఒక్కదాన్నే పరేషాన్ చేసినరు.”

ఆయన తల దించుకున్నాడు. “శనివారం నేనొస్త. లేచి నిలబడి నేనే చెప్త, తప్పు నాదని.”

“రండి. కానీ నేనే చెప్త.”

ఇంట్లో అక్బర్ బీ అంతా విని, మంచంమీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. డెబ్బై ఎనిమిదేళ్ళున్నా నోటికి మాత్రం వయసు రాలేదు. “సంతాప సభనా? నీకు? అరే, తల్లి బతికుండంగ బిడ్డకు సంతాప సభ పెడతర్రా? నేను సుత వస్త. ఆ హరికిషన్ ఎవడో చూడాలె.”

“నువ్వు నోరు తెరవొద్దు అమ్మీ.”

“నేనెందుకు తెరుస్త,” అంది అక్బర్ బీ.

శనివారం హాలు నిండిపోయింది. మెట్టుగూడ, లాలాగూడ వైపు రెండు మూడు బడులనుంచి పిల్లలను వరుసల్లో తీసుకొచ్చారు. వేదికమీద ఆర్థర్ బొమ్మను నిలువెత్తు ఫ్లెక్సీగా వేయించారు. దానికి బంతిపూల దండ. జబీన్ తల్లిని పట్టుకుని వెనక వరుసలో కూర్చుంది. అవతల కల్పలత, పర్వతాలు సార్. ముందు వరుసలో భవాని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆమె ఒళ్ళో ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది.

జబీన్ ఒకసారి తలుపు వైపు చూసింది. పేరు చెప్పగానే సగం మంది లేచిపోతే? పిల్లలను చెయ్యి పట్టి లాక్కుపోతే? ఇన్నాళ్ళూ మోసం చేశావని ఎవరైనా అరిస్తే? ఫోన్లలో ఏదేదో రాస్తారు. రేపు గల్లీలో అమ్మీ పాలకు వెళ్తే ఏమంటారో.

హరికిషన్ మైకు అందుకున్నాడు. తెల్ల లాల్చీ, చేతిలో రుమాలు. “అమ్మమ్మతో నాది ఇరవై ఏళ్ళ అనుబంధం. ఆ తల్లి చేతి గారెలు తిన్న అదృష్టవంతుణ్ణి నేను. పోయిన ఉగాదికి కూడా నా తలమీద చెయ్యి పెట్టి, హరీ, నా తర్వాత నా మనవలను నువ్వే చూసుకోవాలి అన్నది…”

“ఝూట్,” అంది అక్బర్ బీ. అనుకున్నంత మెల్లగా అనలేదు. ముందు రెండు వరుసలు వెనక్కి తిరిగాయి.

జబీన్ లేచింది. ఇక కూర్చోవడానికి వీల్లేదు. నడవా మధ్యలోంచి వేదికదాకా వెళ్ళి, ఎవరినీ అడక్కుండా ఫ్లెక్సీ దగ్గరికి పోయి, బొమ్మమీది దండ తీసి కింద పెట్టింది. హాల్లో ఒక్కసారి కలకలం రేగింది.

“ఎవరమ్మా మీరు? ఏంది గిది?” అన్నాడు హరికిషన్.

“మైకు ఇయ్యండి అన్నా.” మైకు తీసుకుని పిల్లల వైపు తిరిగింది. “నా పేరు జబీన్. బోయిగూడల ప్రెస్సుల పనిచేస్త. సుబ్బులు అమ్మమ్మ చచ్చిపోలేదు. ఆమె కథలు రాసేది నేనే. మొదటి కథ కాడినుంచి నేనే. ఆ బొమ్మలో ఉన్నామె లేదు. ఎన్నడూ లేదు.”

ఒక మూల ఎవరో పెద్దాయన, “ఏం తమాషా ఇది, జబీన్ ఏంది, సుబ్బులు ఏంది,” అంటూ లేచాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు లేచారు. హరికిషన్ ముఖం రంగులు మారుతోంది. గారెల సంగతి గుర్తొచ్చినట్టుంది.

రెండో వరుసలో జడలేసుకున్న ఒక పిల్ల చెయ్యెత్తింది. “మీరే అయితే ఒక కథ చెప్పండి. అమ్మమ్మ లెక్క.”

జబీన్ ఎన్నడూ కథ నోటితో చెప్పలేదు. రాయడమే. ఆ పిల్ల వైపే చూస్తూ, కాగితంమీద రాస్తున్నట్టే మొదలుపెట్టింది. “నిన్న పొద్దుగాల ఏమైందో ఎరికెనా? గుండుగాడు గోడెక్కి వచ్చిండు. అమ్మమ్మా అమ్మమ్మా, నువ్వు చచ్చిపోయినవట గదా, పేపర్ల పడ్డది, అన్నడు. నేను రొట్టె చేస్తున్న. గట్లనా బిడ్డా, నాకెవరూ చెప్పలేదే, అన్న. అయితే ఈ రొట్టె నువ్వు తినవా, అన్నడు. చచ్చిపోయినోళ్ళు తినరు గదా, నీ రొట్టె సుత నేనే తింట, అన్నడు.”

ముందు వరుసలో ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత ఇంకొకరు. మరి గుండుగాడు నిజంగా అమ్మమ్మ రొట్టె తినేసి, ఆమె బతికే ఉందని తేలాక కడుపునొప్పి వచ్చిందని దొంగ ఏడుపు ఏడ్చేసరికి హాలు పిల్లల నవ్వులతో దద్దరిల్లింది. జడల పిల్ల పక్కవాడి వీపుమీద చరిచి, “అమ్మమ్మనేరా! అమ్మమ్మనే!” అంది. లేచినవాళ్ళలో ఇద్దరు మళ్ళీ కూర్చున్నారు. ఆ పెద్దాయన మాత్రం గొణుక్కుంటూ బయటికి వెళ్ళిపోయాడు. ఆయన మనవడు ఎంత లాగినా కదల్లేదు. కథ అయ్యేదాకా ఉంటానని బెంచీ కాలు పట్టుకున్నాడు.

పర్వతాలు సార్ తన చోటునుంచే లేచి, కల్పలత భుజం పట్టుకుని, మైకు లేకుండానే, “పేరు మార్పిచ్చింది నేను. ఆమె కాదు. తప్పు నాది,” అన్నాడు. సగం మందికి వినపడలేదు. జబీన్‌కు వినపడింది.

పిల్లలు వేదిక చుట్టూ మూగారు. జబీన్ అన్న పేరు గురించి వాళ్ళెవరూ అడగలేదు. గుండుగాడికి పన్ను ఊడిందా, అయిదో మనవరాలు ఈత నేర్చుకుందా, ఇవే. ఒకడు మాత్రం కాస్త అనుమానంగా, “మీకు జుట్టు తెల్లగ లేదేంది?” అన్నాడు. “రంగేస్త,” అంది జబీన్. వాడికి తృప్తి కలిగింది.

ఆ గుంపు పలచబడ్డాక భవాని వచ్చింది. నవ్వడం లేదు.

“నాతోని అబద్ధం చెప్పినరు. మీ బల్ల ముంగటనే నిలబడ్డ. అడ్రస్ అడిగిన. ఈ నాలుగు దినాలు నేను ఎట్లున్ననో తెలుసా మీకు?”

“తప్పయింది,” అంది జబీన్. “భయపడ్డ.”

భవాని డబ్బా మూత తీసింది. అన్నీ జబీన్ రాసిన కార్డులు, ఇన్‌లాండ్ కవర్లు. పైనున్న ఉత్తరం మడతల దగ్గర చిరిగి టేపు వేసి ఉంది. “మా నాన్న పోయినప్పుడు నాకు పన్నెండేండ్లు. మీరు ఇది రాసినరు. ‘మా నాయిన పోయినంక ఆయన చెప్పులు గడప ముంగటనే ఉంచినం. నువ్వు సుత ఎవర్నీ తియ్యనియ్యకు. తియ్యాలనిపించిన రోజు నీకే తెలుస్తది.’ నేను అట్లనే ఉంచిన. ఎవరు తిట్టినా తియ్యనియ్యలేదు. ఆ చెప్పులు పట్టుకునే నేను బతికిన మేడమ్.” ఆ ఉత్తరాన్ని జబీన్ ముందుకు చాపింది. “అది సుత కథనేనా? రాయడానికి మంచిగుంటదని రాసినరా?”

జబీన్ నోరు తెరిచేలోపే వెనకనుంచి అక్బర్ బీ జవాబు చెప్పింది. ఎప్పుడు లేచి వచ్చిందో, బెంచీ పట్టుకుని నిలబడి ఉంది.

“కథ కాదు బిడ్డా. తోలు చెప్పులు, ఎడమదానికి మడమకాడ కుట్టు పోయింది. చాలీస్వా, నలభై దినాల ఫాతెహా, అయినంక రెండో రోజు నేనే తీసిన. తీసి నూనె రాసి పెట్టిన. ఇంకా సీతాఫల్‌మండిల మా ఇంట్లనే ఉన్నయి. వచ్చి చూస్కో.”

భవాని ఆమె వైపు చూసింది. తర్వాత జబీన్ వైపు. “మీ నాన్నవా?”

“మా నాన్నవే. నీకు రాసే ముందటి ఏడాదే పోయిండు. ఆయన పేరొక్కటే రాయలేదు. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే రాసిన.” తల్లి వైపు ఒకసారి చూసింది. “పేరు షంషీర్. దర్జీ.”

భవాని అక్కడే మెట్టుమీద కూలబడి ఏడ్చింది. జబీన్ పక్కన కూర్చుంది. అక్బర్ బీ కొంగుతో భవాని ముఖం తుడిచి, “చాలు, చాలు. బతికున్నామె ముందర గింత ఏడుస్తరా,” అంది. దాంతో భవానికి నవ్వొచ్చింది, ఏడుపు ఆగకముందే. నవ్వుతూనే డబ్బా మూత పెట్టి, “నేను ఇంకా కోపంగనే ఉన్న. రెండు దినాలు ఉంట,” అంది.

“ఉండు,” అంది జబీన్. “ఉండాలె.”

హరికిషన్ మాత్రం ఎవరికీ కనపడకుండా పక్క తలుపులోంచి జారుకోబోయి అక్బర్ బీకి దొరికాడు. “గారెలు ఎట్లుండె?” అని అడిగిందామె. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు. కానీ వెళ్ళేముందు మనిషిని పిలిచి, ఫ్లెక్సీమీది ‘శ్రద్ధాంజలి’ అన్న అక్షరాల మీద కాగితం అంటించమని చెప్పిపోయాడు.

గోరింకకు ఏమవుతుందో అప్పటికింకా తెలియదు. ఆ మధ్యాహ్నమే కొందరు ఫోన్ చేసి పత్రిక ఆపేయమన్నారని, ఇంకొందరు అమ్మమ్మను మా బడికి పంపమని అడిగారని కల్పలత చెప్పింది. వచ్చే సంచికలో పేరు ఎలా వేద్దామని అడిగితే, “సుబ్బులు అమ్మమ్మను ఉండనియ్యి. నా పేరు సుత వెయ్యి. అదే సైజుల,” అంది జబీన్. ఇంతకన్నా ఆలోచించే ఓపిక ఆమెకు లేదు.

తల్లీకూతుళ్ళు ఆటోలో సీతాఫల్‌మండి చేరేసరికి మూడయింది. అక్బర్ బీ దారి పొడుగునా హరికిషన్ లాల్చీని, నడకను వెక్కిరిస్తూనే ఉంది. ఇంట్లోకి రాగానే జబీన్ చెప్పులు విడిచి, నీళ్ళు కూడా తాగకుండా మంచంమీద వాలింది. పగటిపూట నిద్రపోయే అలవాటు లేదు. ఆ రోజు మాత్రం ఎవరో బరువు దించినట్టు ఒళ్ళంతా తేలిపోయి, దుప్పటి కప్పుకున్న సంగతి కూడా గుర్తులేకుండా నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ పచ్చబడింది. గడప దగ్గర మాటలు వినిపిస్తున్నాయి. ఒక గొంతు అమ్మీది. రెండోది భవానిది. రెండు రోజులు కోపంగా ఉంటానన్న మనిషి అయిదు గంటలకే వచ్చినట్టుంది.

“…గప్పుడు జబీన్‌కు ఆరేండ్లు,” అంటోంది అక్బర్ బీ. “ఎవరిదో పెళ్ళి జాకెట్టు బట్ట తీస్కపోయి మేకపిల్లకు కట్టింది. వాళ్ళ నాయిన కత్తెర పట్టుకుని గల్లీ అంతా ఉరికిండు…”

భవాని పడీపడీ నవ్వుతోంది. “నిజమేనా అమ్మా?”

“నిజమే బిడ్డా, నేను కథలు చెప్పను.”

అది సగం అబద్ధం. మేకపిల్లకు కట్టింది జబీన్ కాదు, పక్కింటి పిల్ల. లేచి వెళ్ళి సరిదిద్దుదామా అనుకుంది జబీన్. తర్వాత పక్కకు తిరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని, మిగతాది వింటూ పడుకుంది.